కూబర్ పీడీ డే టూర్: పెట్రోల్ కొట్టించుకుని వెళ్లిపోకండి

ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి ఎర్రరాతి కొండ ఉలురుకి కారులో వెళ్లేవాళ్లు చాలామంది దారిలోని కూబర్ పీడీలో, ఓపల్ అనే రంగురాళ్లు తవ్వే ఊళ్లో, ట్యాంక్ నింపుకుని, రాత్రి పడుకుని, తెల్లారగానే మళ్లీ స్టువర్ట్ హైవే ఎక్కేస్తారు. దాదాపు 850 కిలోమీటర్లు నడిపి వచ్చి చుట్టూ మట్టిగుట్టలు తప్ప ఏమీ కనిపించకపోతే ఎవరైనా అదే చేస్తారు, ఎందుకంటే ఈ ఊళ్లో చూడాల్సింది సగం నేల కింద ఉంది. మా సలహా, ఒక రోజు కేటాయించి, మీ కారు పక్కన పెట్టేసి, ఇక్కడివాళ్లు చిన్న బస్సులో తిప్పే టూర్ తీసుకోండి. మేం వెళ్లినదానికి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను.

సొంత కారు ఉండగా టూర్ ఎందుకంటే, ఒకటి, బ్రేక్‌అవేస్ అనే రంగురంగుల కొండల వైపు దారి మట్టిరోడ్డు, అద్దె కార్ల ఒప్పందాల్లో చాలావాటికి మట్టిరోడ్డు మీద ఇన్సూరెన్స్ వర్తించదు. రెండోది అసలు కారణం, డ్రైవర్. మాకు వచ్చినాయన పూర్వం ఓపల్ తవ్విన మనిషి. పొలాల్లా పరుచుకున్న ఆ గుట్టల మధ్య, మూతలేని నిలువు గుంతలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. ఫొటో కోసం వెనక్కి నడవొద్దని బోర్డులు పెట్టింది ఊరికే కాదు, ఆయన బస్సు దిగిన ప్రతిసారీ అదే మాట చెప్పాడు. లారీ మీద పెద్ద డబ్బా బిగించిన బ్లోయర్ అనే యంత్రం లోపలి మట్టిని ఎలా పీల్చి బయట పోస్తుందో ఆయన చెప్పాకే ఒక్కో గుట్ట ఎక్కడిదో అర్థమైంది.

ఇక్కడ ఓపల్ మొదట దొరికింది 1915లో, బంగారం వెతకడానికి వచ్చిన బృందంలోని 14 ఏళ్ల కుర్రాడికి. ఎండాకాలం బయట 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి కాబట్టి జనం గుట్టల్లోకి తొలుచుకుని ఇళ్లు కట్టుకున్నారు. డగౌట్ అంటారు. లోపల ఏడాది పొడవునా ఇంచుమించు 23 నుంచి 25 డిగ్రీలు, ఏసీ అక్కర్లేదు. టూర్‌లో ఒక ఇంట్లోకి తీసుకెళ్తారు, ఇసుకరాయి గోడలకి ఎర్రటి చారలు, దుమ్ము రాలకుండా పైన పూత. గది చాలకపోతే ఇంకాస్త తవ్వుకోవడమే. అలా తవ్వుతుంటే ఓపల్ బయటపడిన కథ ఊళ్లో అందరి దగ్గరా ఒకటి ఉంటుంది, ఎన్ని నిజమో మీరే తేల్చుకోండి.

నేల కింది సెర్బియన్ చర్చి మాత్రం మిస్ కావొద్దు. పైకప్పు మీద యంత్రం తవ్విన గీతలు అలాగే వదిలేశారు, అలంకరణలా ఉంది. గడ్డి పరకైనా లేని గోల్ఫ్ కోర్సు, సినిమా షూటింగ్ అయ్యాక వదిలేసి వెళ్లిన అంతరిక్ష నౌక కూడా చూపిస్తారు, అవి ఫొటోకి సరిపోతాయి, అంతే.

ఇక స్టార్ పోయిన చోటు. ఓపల్ షాపు దగ్గర ఆపారు, తప్పు లేదు, కానీ గంటకి పైగా ఆపారు. నమూనాలు చూపించి డబ్లెట్, ట్రిప్లెట్ తేడా చెప్పిన భాగం బాగుంది: డబ్లెట్ అంటే పల్చటి ఓపల్ పొరని నల్లటి రాయికి అతికించింది, ట్రిప్లెట్‌కి పైన పారదర్శకమైన మూత కూడా ఉంటుంది. ఆ అతుకుల వల్లే వాటిని నీళ్లలో నానబెట్టకూడదు. మొత్తం ఓపలే అయిన రాయిని సాలిడ్ అంటారు, ధర చాలా ఎక్కువ, కాబట్టి కొనేముందు మూడింట్లో ఏదో నోరు తెరిచి అడగండి, బిల్లు మీద రాయించుకోండి. అయితే ఇదంతా పది నిమిషాల్లో అయిపోయింది, మిగతా టైమంతా కౌంటర్ల చుట్టూ తిరగడమే. దానివల్ల బ్రేక్‌అవేస్‌లో హడావిడి అయింది.

బ్రేక్‌అవేస్‌లో హడావిడి పడటం పాపం. ఊరికి ఉత్తరాన 30 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, నేల ఒక్కసారిగా కిందికి తెగిపోయి, దిగువన తెలుపు, పసుపు, ఇటుక రంగు కొండలు విడివిడిగా నిలబడి ఉంటాయి. ఎండ వాలేకొద్దీ రంగు మారుతుంటుంది, ఉప్పూ మిరియాలూ అని పిలిచే జంట కొండల దగ్గర ఎంతసేపైనా నిలబడొచ్చు, మాకు మాత్రం నిలబడనివ్వలేదు. ఇది ఆదివాసీలకి పవిత్రమైన చోటు, ప్రవేశానికి పర్మిట్ కావాలి, మా టికెట్‌లో అది కలిసే ఉంది, సొంతంగా వెళ్తే ముందే తీసుకోండి.

తిరుగుదారిలో డింగో కంచె. 5,600 కిలోమీటర్లకి పైగా పొడవు, ఈ దేశపు ఆగ్నేయ భాగంలోని గొర్రెల దగ్గరికి అడవి కుక్కలు రాకుండా కట్టింది. దగ్గరికెళ్తే మామూలు తీగల కంచె, ఎత్తు కూడా పెద్దగా లేదు, కానీ రెండు వైపులా కనుచూపు మేర అలా పోతూనే ఉంటే నాకైతే మాట రాలేదు. మా వాళ్లలో ఒకరు బస్సు దిగనేలేదు, కంచేగా అన్నారు!

బుక్ చేసేటప్పుడు మధ్యాహ్నం బయల్దేరేదే అడగండి, షాపు ముందా బ్రేక్‌అవేస్ ముందా కూడా కనుక్కోండి. జూన్ నుంచి ఆగస్టు మధ్య అయితే హాయి. చీకటి పడ్డాక కంగారూలు, పశువులు రోడ్డు మీదికి వస్తాయి, కాబట్టి ఆ రాత్రి ఊళ్లోనే గది తీసుకోండి. దక్షిణంగా వెళ్లేవాళ్లు ట్యాంక్ ఫుల్ చేసుకోండి, 250 కిలోమీటర్లు దాటితే గానీ బంకు ఆశ లేదు. ఇంకోటి, ఈగలు. ముక్కులోకి, కళ్లలోకి, మాట్లాడితే నోట్లోకి. ముఖం మీద వేసుకునే వల టోపీ కొనుక్కోండి, నవ్వేవాళ్లు నవ్వుతారు.