మందుకు వంక లేదు, పుస్తకమే ఖాళీ

మా అబ్బాయికి హీమోఫీలియా ఎ, తీవ్రమైన రకం. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో ఫ్యాక్టర్ వాడి ఒంట్లో 1 శాతం కూడా లేదు. విశాఖపట్నంలో 4 ఏళ్లుగా మేము వెళుతున్న చికిత్సా కేంద్రం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. లోపం ఆ ఒక్క చోటిదే అనుకోను కనుక పేరు రాయడం లేదు.

మందు ఎక్కించే పనికి వంక పెట్టలేను. మోకాలు వాచిన పిల్లవాణ్ణి గాజువాక నుంచి ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన రోజున మమ్మల్ని చీటీల వరుసలో నిలబెట్టలేదు. అక్కడి సిస్టరు గారు పొడిలో నీళ్లు కలిపాక సీసాను కుదపకుండా, నురగ రానివ్వకుండా, రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తారు. ఆవిడ చేతికి నరం మొదటిసారే దొరుకుతుంది.

నా అసంతృప్తి అంతా ఆ తరవాతి 5 నిమిషాల గురించే. సీసా మీది స్టిక్కరు ఒలిచి పుస్తకంలో అంటించి, ఎన్ని యూనిట్లు ఎక్కించారు, ఏ కీలు వాచింది, రక్తస్రావం ఎప్పుడు మొదలైంది అన్నవి పక్కన రాయాలి. మొదటి రెండేళ్లు రాశారు. ఇప్పుడు తేదీ, సంతకం తప్ప గళ్లన్నీ ఖాళీ. ఎక్కించిన ఫ్యాక్టర్‌ను శరీరమే తిప్పికొడుతున్నదేమో చూసే ఇన్హిబిటర్ పరీక్ష ఫలితాన్ని సైతం పోయిన వర్షాకాలంలో ఫోనులో నోటిమాటగా చెప్పారే గాని, కాగితం అడిగితే దొరకలేదు.

ఇది గుమాస్తా పనిగా తీసిపారేసేది కాదు. ప్రపంచ హీమోఫీలియా సమాఖ్య 2018లో మొదలుపెట్టిన రిజిస్ట్రీకి, అంటే రోగుల వివరాలను ఒకచోట నమోదు చేసే చిట్టాకు, కావలసినవి ఇలాంటి వివరాలే. ఇదే జబ్బుకు వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి వైద్యులు 2024లో ప్రకటించిన జన్యుచికిత్స ఫలితాలు అయిదుగురు రోగులవి మాత్రమే. అంతకు ముందు వాళ్లకు ఏడాదికి ఎన్నిసార్లు రక్తస్రావమయ్యేదో లెక్క లేకపోతే, తరవాత ఆగిపోయిందని దేనితో పోల్చి చెబుతారు?

ఉండబట్టలేక డాక్టరు గారినే అడిగాను. ప్రాజెక్టు గడువు ముగిసిందనీ, వివరాలు రాసే అమ్మాయి జీతం దానితోనే ఆగిందనీ ఆయన మొహమాటపడుతూ చెప్పారు. ఫ్యాక్టర్‌కు డబ్బు దొరికినప్పుడు, ఒక్క మనిషి జీతం దగ్గర పరిశోధన ఆగడం నాకు మింగుడు పడలేదు.

మందుకు 5 నక్షత్రాలు, పుస్తకానికి 1. కొత్తగా వెళ్లేవారు సొంత నోటుపుస్తకం, జిగురు తీసుకువెళ్లి, సీసా చెత్తబుట్టలో పడకముందే స్టిక్కరు అడిగి తీసుకోండి. మా ఇంట్లో ఇప్పుడు అది అంటించేది మావాడే.