భీమవరం జెర్సీల కొట్టు: అంటించాలా, ఇంకించాలా?

జువ్వలపాలెం రోడ్డులో ఒక మందుల షాపు పైన ఉంటుంది ఈ కొట్టు. మెట్లు పక్క సందులోంచి. బోర్డు మీద ఫ్లెక్సీలు, శుభలేఖలు అని రాసి ఉంటుంది గానీ భీమవరం కుర్రాళ్ళకి అది జెర్సీల కొట్టు. సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్ళ వాలీబాల్, కబడ్డీ టీములు బనీన్లు వేయించుకునేది ఇక్కడే. నేను ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులు చేస్తాను. 2025 మే నెలలో మా అబ్బాయి జెర్సీ పట్టుకుని మొదటిసారి ఆ మెట్లెక్కాను. ఆ తర్వాత చాలాసార్లు వెళ్ళాను కాబట్టి తెలిసే చెబుతున్నాను: పని మంచిది, మాట మంచిది, చెప్పిన రోజుకి మాత్రం ఇవ్వరు.

మావాడికి పదకొండేళ్ళు. ఆ జెర్సీ మా బావమరిది దోహా నుంచి తెచ్చాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లివర్‌పూల్‌ది, ఎర్రది. వీపు మీద 66, దాని పైన ఈ భుజం నుంచి ఆ భుజం దాకా అలెగ్జాండర్-ఆర్నాల్డ్ అని తెల్ల అక్షరాలు. ఆరేళ్ళ వయసులో ఆ క్లబ్బు అకాడమీలో చేరిన ఆ ఊరి పిల్లాడు అతను. 2019 మే 7న, యూరప్ క్లబ్బుల కప్పు ఛాంపియన్స్ లీగ్ సెమీస్‌లో మొదటి మ్యాచ్ 3-0తో ఓడిన లివర్‌పూల్, రెండో మ్యాచ్‌లో బార్సిలోనా మీద నాలుగు గోల్స్ కొట్టి ఫైనల్‌కి వెళ్ళింది కదా. ఆ నాలుగో గోల్‌కి, కార్నర్ కిక్ వదిలేసి వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వేసి, గిరుక్కున తిరిగి బంతిని లోపలికి తన్నింది ఇతనే. మావాడు ఆ కార్నర్‌ని మా చెరువు గట్టు మీద ఎన్నిసార్లు తన్నాడో లెక్కలేదు. అలాంటివాడు 2025 మే 5న, సీజన్ అవగానే క్లబ్బు వదిలి వెళ్ళిపోతున్నానని చెప్పేశాడు. ఎక్కడికో అప్పటికే అందరికీ తెలుసు, స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్‌కి. ఆ రాత్రి మావాడు అన్నం ముట్టలేదు. మర్నాడు జెర్సీ తెచ్చి నా ఒళ్ళో పడేసి "నాన్నా, ఈ పేరు పీకించెయ్" అన్నాడు.

కొట్టాయన జెర్సీ తిరగేసి, లోపలివైపు బొటనవేలితో రుద్ది చూశాడు. "ఇది అంటించిందండి, ఇంకించింది కాదు. వస్తది" అన్నాడు. ఆ రెండూ వాళ్ళ కొట్టు మాటలు. అంటించడం అంటే వినైల్ షీటు మీద అక్షరాలు కోసి, ప్రెస్సు కింద పెట్టి వేడితో గుడ్డకి అతికించడం. అది గుడ్డ పైనే ఉంటుంది, వేలికి తగులుతుంది, ఎప్పటికైనా ఊడుతుంది. ఇంకించడం అంటే సబ్లిమేషన్. ఇంకు ఆవిరై పాలిస్టర్ దారంలోకి దిగిపోతుంది. ఎంత రుద్దినా చేతికేమీ తగలదు, ఎన్ని ఉతుకులకీ పోదు, గుడ్డ చిరిగితేనే పేరు చిరుగుతుంది. ఎర్ర గుడ్డ మీద తెల్ల అక్షరం ఇంకదు కాబట్టి అలా కావాలంటే తెల్ల గుడ్డ మీద ఎరుపుతో సహా మొత్తం ముద్రించి, ఆ తర్వాత కత్తిరించి కుట్టాలి. అందుకే అంటించడానికి 180 రూపాయలు, ఇంకించి కుట్టిన జెర్సీకి 550. పీకడానికి వంద తీసుకున్నారు.

పీకేముందు ఆయన మావాణ్ణి అడిగాడు, అది నాకు నచ్చింది. "బాబూ, తీసేశాక మళ్ళీ కావాలంటే ఇదే రాదు. పైగా మచ్చ ఉంటది. తియ్యనా?" మావాడు తలూపాడు. లోపల పనిచేసే కుర్రాడు జెర్సీని ప్రెస్సు కింద కాసేపు పెట్టి తీసి, వేడి ఆరకముందే సూది మొనతో మొదటి అక్షరం మూల లేపాడు. బలంగా లాగితే దారాలు లేస్తాయట. గోటితో పుండు పైపొర తీసినంత నెమ్మదిగా ఒక్కో అక్షరం ఒలిచాడు. అంత పొడుగు పేరుకి, రెండు ఆరులకి దగ్గరదగ్గర నలభై నిమిషాలు పట్టింది. మిగిలిన జిగురుని దూదితో తుడిచి, జెర్సీని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు. చుట్టూ గుడ్డ ఎండకీ ఉతుకులకీ వెలిసిపోయింది, అక్షరాల కింద మాత్రం కొన్ననాటి ముదురెరుపు అలాగే ఉంది. పేరు పోయింది గానీ 66 ఇంకా చదవడానికి వస్తోంది. మావాడు ఏడ్చేశాడు. ఎవరూ వాణ్ణి ఊరుకోమనలేదు.

అక్కడే బెంచీ మీద ఇంకొకాయన, ఆకివీడులో టీచరట, పాత బార్సిలోనా జెర్సీ భుజం కుట్టు ఊడితే వేయించుకుందామని వచ్చాడు. వీపు మీద మెస్సీ 10. "నేనైతే ఇది పీకించనండి. మనవాడు పోలేదు, పోవాల్సొచ్చింది" అన్నాడు. నిజమే, 2021 ఆగస్టులో మెస్సీ అందరి ముందూ ఏడ్చాడు. ఉంటానన్నాడు, జీతం సగానికి తగ్గించుకుంటానన్నాడు, అయినా స్పెయిన్ లీగు పెట్టిన ఖర్చు పరిమితి వల్ల క్లబ్బు అతని ఒప్పందాన్ని నమోదు చేయించలేకపోయింది. అదే టీచరుగారు ఫీగో పేరు చెబితే మాత్రం మండిపడ్డారు. 2000లో బార్సిలోనా నుంచి నేరుగా దాని బద్ధ ప్రత్యర్థి రియల్ మాడ్రిడ్‌కి పోయినవాడు. 2002లో మళ్ళీ ఆ మైదానానికి ఆడటానికొస్తే అతని వైపు పంది తలకాయ విసిరారు. "ఒకే క్లబ్బు నుంచే కదండీ ఇద్దరూ వెళ్ళింది" అన్నాను. "ఎటు వెళ్ళారన్నది చూడాలండి" అన్నారాయన.

నేను లివర్‌పూల్ పట్టుకుంది 2005లో, హాస్టల్ టీవీ ముందు. అదే ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మిలాన్ మీద 3-0 వెనకబడి, 3-3 చేసి, పెనాల్టీల్లో గెలిచిన రాత్రి. ఆ మ్యాచ్‌లో తలతో మొదటి గోల్ కొట్టి జట్టుని పైకి లేపిన కెప్టెన్ జెరార్డ్‌ని ఇప్పటికీ విశ్వాసానికి ఉదాహరణ అంటాం. ఆరు వారాలు తిరక్కుండానే, అదే జూలైలో, అదే జెరార్డ్ నన్ను వదిలేయండని క్లబ్బుకి రాసిచ్చాడు. లండన్ క్లబ్బు చెల్సీ పిలిచింది. అభిమానులు అతని జెర్సీ తగలబెట్టారు. ఒక్క రాత్రిలో మనసు మార్చుకుని ఉండిపోయాడు. ఆ రాత్రి అతను అటు తేలి ఉంటే మనం ఏమని ఉండేవాళ్ళమో మావాడికి చెప్పాను. వాడు నమ్మలేదు, వెతికి చూసుకున్నాడు.

డబ్బు కోసం పోవడం తప్పని నేను అనను. ముప్పై నాలుగు, ముప్పై అయిదుకి వాళ్ళ ఆట అయిపోతుంది, మోకాలు పోతే ఇంకా ముందే. మా ఇంట్లోనే బావమరిది పదమూడేళ్ళ నుంచి దోహాలో ఉన్నాడు, ఊరి మీద ప్రేమ లేక కాదు. నన్ను బాధపెట్టింది అలెగ్జాండర్-ఆర్నాల్డ్ వెళ్ళిన పద్ధతి. ఒప్పందం గడువు చివరిదాకా రానిచ్చాడు. 1995 డిసెంబరులో బోస్మన్ అనే బెల్జియం ఆటగాడి కేసులో యూరప్ కోర్టు తీర్పిచ్చాక, గడువు తీరిన ఆటగాడికి పాత క్లబ్బు ధర అడగడానికి లేదు. ఆ తీర్పు న్యాయమైనదే, అంతకుముందు ఒప్పందం అయిపోయినా ధర ముట్టనిదే మనిషిని కదలనిచ్చేవాళ్ళు కాదు. కానీ 2018 జనవరిలో మన లివర్‌పూల్ ఆటగాడు కౌటీన్యో బార్సిలోనాకి పోతానని పట్టుబట్టి వెళ్ళినప్పుడు కనీసం పది కోట్ల పౌండ్ల పైన వచ్చాయి. ఆ ఏడాదే గోల్‌కీపర్ అలిసన్ వచ్చాడు, డిఫెండర్ వాన్ డైక్ అప్పుడే వచ్చి ఉన్నాడు. కౌటీన్యోని తిట్టుకుంటూనే కప్పులు ఎత్తాం. ఇరవై ఏళ్ళు పెంచిన పిల్లాడు వెళ్ళినప్పుడు చేతిలో పడింది, ఒక నెల ముందు వదిలినందుకు ఇచ్చిన కొద్ది సొమ్ము.

మా చెరువుల్లో ఇది రోజూ ఉండేదే. మేత అరువిచ్చిన డీలరుకే పట్టిన రొయ్య ఇవ్వాలన్నది రాయని ఒప్పందం. రెండేళ్ళ కిందట వేరే కొనుగోలుదారు కిలోకి పదిహేను రూపాయలు ఎక్కువన్నాడు. నాకు రెండు టన్నులుంది. తొమ్మిదేళ్ళ డీలరు దగ్గరికి ముందే వెళ్ళి, "బాబాయ్, ఈసారి అటు ఇస్తున్నాను, మీ బాకీ ముందు తీర్చేస్తాను" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత టీ తెప్పించాడు. ఇప్పటికీ మేత ఆయన దగ్గరే తెస్తున్నాను.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. 2025 సెప్టెంబరు 1న మరో ఇంగ్లండ్ క్లబ్బు న్యూకాజిల్ నుంచి స్ట్రైకర్ ఇసాక్‌ని పన్నెండున్నర కోట్ల పౌండ్లకి మనమే తెచ్చుకున్నాం. పోతానని పట్టుబట్టి, ఆ వేసవంతా పాత క్లబ్బుకి ఆడకుండా కూర్చున్నవాడు. ఆ రోజు నేను ఎగిరి గంతేశాను. న్యూకాజిల్‌లో కూడా మావాడిలాంటి పిల్లాడొకడు ఉండే ఉంటాడని రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది.

ఇక కొట్టు సంగతి. ఆ తర్వాత ఇచ్చిన ఒక జెర్సీ నాలుగు రోజులని చెప్పి తొమ్మిది రోజులకి ఇచ్చారు, మధ్యలో మూడుసార్లు ఉండి నుంచి తిరిగాను. ఫోన్ ఎత్తరు. నాకోసం ఇంకించి కుట్టించిన మొదటి జెర్సీ ఎరుపు ఇటుకరంగులో వచ్చింది. చూపిస్తే వాదించకుండా మళ్ళీ చేసిచ్చారు, పైసా అడగలేదు. బిల్లు అడిగితేనే రాస్తారు. అంటించినవి తిరగేసి ఉతకాలి, ఇస్త్రీ పెట్టకూడదు, ఈ రెండూ ఆయనే చెబుతాడు. మా పక్కింటి వాళ్ళు వినకుండా ఇస్త్రీ పెట్టి అంకె ముడుచుకుపోయిందని కొట్టుని తిట్టడం అన్యాయం. సంక్రాంతి ముందు పదిహేను రోజులు మాత్రం ఆ మెట్లెక్కకండి.

వెళ్ళేవాళ్ళు ఈ నెలలోనే వెళ్ళండి. సూదితో ఒలిచే ఆ కుర్రాడు వచ్చే నెల హైదరాబాద్ వెళ్ళిపోతున్నాడు, అక్కడ పెద్ద ప్రింటింగు యూనిట్‌లో జీతం ఇక్కడికంటే రెట్టింపట. మూడు నెలల ముందే కొట్టాయనకి చెప్పాడు. నేను పోయినసారి వెళ్ళేసరికి ప్రెస్సు పక్కన కొత్త పిల్లాడొకడు కూర్చుని ఉన్నాడు. పనికిరాని బనీను ఒకటి ఒళ్ళో పెట్టుకుని అక్షరం మూల లేపుతున్నాడు, పాత కుర్రాడు వెనక నిలబడి "లాగకు, లాగకు, వేడి చూసుకో" అంటున్నాడు. కొట్టాయన ఆ వైపు చూడకుండా శుభలేఖలు లెక్కపెట్టుకుంటున్నాడు.

మావాడు మచ్చలున్న ఆ ఎర్ర జెర్సీనే వేసుకుని గట్టు మీద ఆడుతున్నాడు. కొత్త పేరు వేయించమంటావా అంటే ఇప్పుడే వద్దన్నాడు.