హీటెక్కిన పాత బోటు మోటారు: బాగు చేయించడం మేలా, ఇంకోటి చూసుకోవడం మేలా?

వాడిన ఔట్‌బోర్డ్ మోటారు (బోటు వెనక బిగించే ఇంజిన్) కొన్నారు. నీళ్లలో దించి కాసేపు నడిపేసరికి వేడెక్కిందని హెచ్చరించే బజర్ మోగింది, లేదా బజర్ కూడా లేకుండానే పొగలు కక్కి ఆగిపోయింది. ఇప్పుడు దాని మీద ఇంకా డబ్బు పెట్టాలా, స్పేర్ల కింద అమ్మేసి మరో మోటారు చూసుకోవాలా? హైదరాబాద్‌లో బోట్లున్నవాళ్లు తక్కువే అయినా వానాకాలం దగ్గరపడితే ఈ ప్రశ్న వరసగా వస్తుంది. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలప్పుడు రెస్క్యూ బోట్లు నడిపేవాళ్లు, సింగూరు, నాగార్జునసాగర్ వైపు చేపలకు వెళ్లేవాళ్లు అడుగుతుంటారు. 2020 అక్టోబర్ వరదల్లో కాలనీల్లోకి బోట్లు రావడం చూశాక, సొంతంగా ఒకటి ఉంచుకుందామని కొన్నవాళ్లు కూడా కొందరున్నారు.

నేను చెప్పేది 15 నుంచి 40 హార్స్‌పవర్ దాకా ఉండే టూ స్ట్రోక్ మోటార్ల గురించి. నా ఎరుకలో ఇక్కడ చేతులు మారేవి ఎక్కువగా అవే.

అందరూ ముందు అడిగేది, సీజ్ అయిందా (వేడికి పిస్టన్ సిలిండర్‌లో పట్టేసిందా) లేదా అని. నేను ముందు అడిగేది వేరు: ఈ మోటారు ఇన్నాళ్లూ ఏ నీళ్లలో తిరిగింది? చెరువులో, రిజర్వాయర్‌లో తిరిగిన మోటారు సీజ్ అయినా సరే, బాగు చేయించడానికే నా ఓటు. సముద్రంలో తిరిగింది ఇంకా నడుస్తున్నా, హీటెక్కుతోందంటే దాని మీద డబ్బు పెట్టను.

ఎందుకో చెబుతాను. ఔట్‌బోర్డ్‌కు రేడియేటర్ ఉండదు. కింద గేరు కేసు దగ్గరున్న జాలీలోంచి బయటి నీళ్లనే రబ్బరు ఇంపెల్లర్ (పంపులోని రెక్కల చక్రం) లాగి, గొట్టం ద్వారా పైకి పంపుతుంది. అవి సిలిండర్ల చుట్టూ, హెడ్డులో (సిలిండర్ల పైమూతలో), ఎగ్జాస్ట్ పక్కన ఉన్న సన్నటి దారుల్లో తిరిగి మళ్లీ కిందికి పోతాయి. ఉప్పునీళ్లలో నడిపి, ప్రతిసారీ మంచినీళ్లతో కడగకపోతే ఈ దారుల్లో ఉప్పు పేరుకుంటుంది. దారి ఇరుకై వేడి పెరుగుతుంది. అంతటితో ఆగితే బాగుండేది. ఆ ఉప్పు అల్యూమినియాన్ని కూడా తింటుంది. వెనిగర్ లాంటి మెత్తటి ఆమ్లం పోసి నానబెడితే పేరుకున్నది చాలావరకు కరుగుతుంది, కానీ తినేసిన లోహం తిరిగి రాదు. ఒక్కోసారి ఆ పెచ్చే చిల్లును మూసి ఉంచుతుంది కూడా. శుభ్రం చేశాక నీళ్లు కారడం మొదలవుతుంది.

ఇంకా చేటు జరిగేది, హెడ్డుకూ సిలిండర్లుండే బ్లాకుకూ మధ్య లీకు ఆపే గ్యాస్కెట్ కూర్చునే ముఖం మీద. నీళ్ల రంధ్రాల చుట్టూ గుంటలు పడితే ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా కొన్నాళ్లకే లీకవుతుంది. హెడ్డు అయితే మిషన్ మీద చెక్కించవచ్చు, లేదా మార్చవచ్చు. బ్లాకు ముఖం తినేస్తే దాదాపు మోటారు మొత్తం పోయినట్టే. వేడి వల్ల జరిగిన నష్టం కంటికి కనిపిస్తుంది, కొలతకు దొరుకుతుంది, లేత్ మీద సరిచేయవచ్చు. ఉప్పు చేసిన నష్టం ఎంతదాకా పోయిందో బ్లాకును కోస్తే తప్ప తెలియదు.

అమ్మేవాళ్లు "సార్, ఇది చెరువుల్లో తిరిగిన బండే" అంటారు. మోటారును అడగండి, అదే చెబుతుంది. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే వాల్వు) మూత విప్పండి. లోపల తెల్లటి గట్టి పెచ్చు, కింద గుంటలు పడ్డ అల్యూమినియం కనిపిస్తే సముద్రమే. ఒండ్రు, నాచు మరకలు మాత్రమే ఉంటే చెరువు. గేరు కేసు దగ్గరి యానోడ్ (మోటారు లోహానికి బదులు తాను కరిగిపోయే ముక్క) సగం కరిగిపోయి ఉందా, బిగింపు స్క్రూలు తిరగడం లేదా, విప్పబోతే ఎగ్జాస్ట్ మూత బోల్టు విరిగిందా చూడండి. మొదటి బోల్టు విరిగిన దగ్గరే నేను రెంచీ కింద పెట్టేస్తాను.

ఈ మధ్య మిత్రుడి బోటు కోసం ఇలాంటి రెండు మోటార్ల మధ్య ఎంచుకోవాల్సి వచ్చింది. హార్స్‌పవర్ ఒకటే. ఒకటి రిజర్వాయర్‌లో తిరిగింది, ఇంపెల్లర్ పోయి ఒక సిలిండర్ పట్టేసింది, తాడు లాగినా కదలదు. రెండోది కోస్తా నుంచి వచ్చింది, ఒక్క లాగుకు స్టార్ట్ అవుతుంది, స్పీడు పెంచితే మాత్రం వేడెక్కుతుంది. మేం తీసుకున్నది కదలనిదాన్ని. హెడ్డు తీస్తే సిలిండర్ గోడకు పిస్టన్ అల్యూమినియం పూసుకుపోయి ఉంది, నీళ్ల దారులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఇలాంటి చాలా మోటార్లలో సిలిండర్ లోపల ఇనుప స్లీవ్ ఉంటుంది కాబట్టి బోరింగ్ చేయించి 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్ వేసుకోవచ్చు. ఈ పనికి బాలానగర్‌లో మంచి లేత్ మిస్త్రీలున్నారు, బేరింగులూ సీళ్లూ రాణిగంజ్‌లో వెతకవచ్చు. పిస్టన్ చేతికి వచ్చాకే బోరింగ్‌కు ఇవ్వండి. ఆ పిస్టన్‌ను కొలిచి, దానికి తగ్గట్టే బోరు తీయాలి. ఇంకోటి, బోరింగ్ అయ్యాక సిలిండర్ గోడలోని పోర్టుల (గాలి, పొగ పోయే రంధ్రాల) అంచుల పదును తీయించాలి. ఫోర్ స్ట్రోక్ బళ్లకు అలవాటుపడ్డ మిస్త్రీకి ఇది గుర్తుండకపోవచ్చు. వదిలేస్తే కొత్త రింగు ఆ అంచుకు తగులుకుని విరుగుతుంది.

సీజ్ కాని మోటారైతే పని ఇంకా తేలిక. లోపల నీళ్లు తిరుగుతున్నాయని చూపేందుకు పక్కనుంచి పడాల్సిన నీళ్ల ధార పడట్లేదని కంగారుపడకండి. షెడ్డులో పడి ఉన్న మోటారులో ఆ చిన్న రంధ్రంలో కందిరీగ మట్టి గూడు కట్టేస్తే కూడా ధార ఆగిపోతుంది, ఇంజిన్ మాత్రం చల్లగానే ఉంటుంది. సన్నటి తీగతో పొడిచి చూడండి. హుస్సేన్‌సాగర్‌లాంటి చోట ప్లాస్టిక్ కవరో గుర్రపుడెక్క వేరో జాలీకి చుట్టుకోవడం మామూలే. తర్వాత ఇంపెల్లర్ విప్పండి. రెక్కలు విరిగి ఉంటే ముక్కలన్నీ దొరికేదాకా వెతకాలి, దొరకనిది పైన ఏదో దారిలో ఇరుక్కుని కొత్త ఇంపెల్లర్ వేశాక కూడా వేడి పుట్టిస్తుంది.

ఆపైన కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ పుట్టించే ఒత్తిడి) చూడాలి. అన్ని ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్ ఆపి, త్రాటిల్ పూర్తిగా తెరిచి కొలవాలి. గేజికీ గేజికీ అంకె మారుతుంది కాబట్టి సిలిండర్ల మధ్య తేడానే చూడండి. 10 శాతం లోపుంటే ధైర్యంగా ముందుకెళ్లవచ్చు, 15 దాటితే హెడ్డు తీయాల్సిందే. చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా రెండుసార్లూ చూడాలి, ఎందుకంటే వేడికి బలం పోయిన రింగులు చల్లగా ఉన్నప్పుడు మోసం చేస్తాయి. హెడ్డు వంగిందేమో స్టీలు స్కేలు, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు) పెట్టి చూడండి. 0.1 మిల్లీమీటర్ దాటితే చదును చేయించాలి. కొంచెమే అయితే గాజు పలక మీద 400 నంబర్ ఎమరీ పేపర్ పరిచి, 8 అంకె ఆకారంలో రుద్దితే ఇంట్లోనే సరిపోతుంది.

ఇంకో పాత మోటారు కొనడం అనే దారికీ ఒక లాభం ఉంది, టైమ్ కలిసొస్తుంది. పోటీలు దగ్గరపడ్డాయి, బోటు రేపే కావాలి అంటే బాగు చేయించే ఓపిక ఎక్కడిది? కానీ నడుస్తున్న మోటారు అని తెచ్చుకునేది కూడా ఎవరో ఒకసారి హీటెక్కించి అమ్మేసింది కావచ్చు. చేతిలో ఉన్నదాని లోపం మీకు తెలిసింది, కొత్తగా వచ్చేదాని లోపం ఇంకా తెలియదు. రిపేరు ఖర్చు అదే హార్స్‌పవర్ మంచి సెకండ్‌హ్యాండ్ మోటారు ధరలో సగం దాటనంతవరకు నేను ఉన్నదాన్నే విప్పుతాను. ఆ మోడల్ పిస్టన్, గ్యాస్కెట్ సెట్ మన దేశంలో దొరకకపోతే మాత్రం ఈ లెక్క చెల్లదు, అమ్మేయండి.

బడ్జెట్ ఉంటే కొత్తది కొనండి, అందులో ఆలోచించేదేమీ లేదు. నెమ్మదిగా చేపలు పట్టుకునేవాళ్లకు చిన్న ఎలక్ట్రిక్ మోటారు చాలు, రెస్క్యూ పనికి మాత్రం నమ్ముకోలేం. ఫోర్ స్ట్రోక్ హీటెక్కి సీజ్ అయితే వాల్వులు, క్యామ్ పని కూడా చూడాలి, ఖర్చు చాలా పెరుగుతుంది.

బాగు చేయించినదాన్ని నేరుగా చెరువుకు తీసుకెళ్లకండి. పెద్ద నీలం డ్రమ్ములో గేరు కేసు పైనున్న ప్లేటు మునిగేదాకా నీళ్లు నింపి, ఇంటి దగ్గరే నడపండి. బైకులకు పోసే టూటీ ఆయిల్ వద్దు, నీళ్లతో చల్లబడే ఇంజిన్లకు చేసిన టీసీ-డబ్ల్యూ3 పోయండి. మధ్యలో వేడెక్కినట్టనిపిస్తే ఆపేయండి, పైనుంచి చన్నీళ్లు మాత్రం గుమ్మరించకండి. చల్లారాక హెడ్ బోల్టులు కంపెనీ చెప్పిన టార్క్‌కు మళ్లీ ఒకసారి సరిచూసి, అప్పుడు బోటుకు బిగించండి.