మా టాటా ఏస్‌కి ‘ఫుల్ ఇన్సూరెన్స్’: ఇన్నేళ్ల అనుభవం

పలాసలో మాది చిన్న జీడిపప్పు షెడ్డు. 2017లో సరుకు తోలడానికి టాటా ఏస్ కొన్నాం. రెండో ఏడాది నాలుగు డబ్బులు మిగులుతాయని థర్డ్ పార్టీ ఒక్కటే కట్టాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. ఉద్దానంలో మా అత్తవారింటి ముందు ఆపిన బండి మీద కొబ్బరిచెట్టు పడింది. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే. మన రేకు మనమే కొట్టించుకోవాలి.

తర్వాతి ఏడాది మన బండి నష్టానికి కూడా వర్తించే ప్యాకేజీ పాలసీకి మారాను. ఏజెంటు "ఫుల్ అండీ, ఇంక టెన్షన్ లేదు" అన్నాడు. నేనూ కాగితం చదవలేదు.

2021 చివర్లో నరసన్నపేట దగ్గర ముందు లారీ సడన్‌గా బ్రేకు వేసింది. మా డ్రైవరు వెళ్లి గుద్దేశాడు. నష్టం లెక్కగట్టడానికి వచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు అడిగినవి డ్రైవరు లైసెన్సు, ఫిట్‌నెస్, పర్మిట్. అవి సరిగ్గానే ఉన్నాయి. లెక్క చేతికొచ్చాకే తెలిసింది. పాతబడిన భాగాలకు తరుగుదల కింద కోస్తారట. అద్దానికి ఆ కోత లేదు. బండికి నాలుగేళ్లు దాటాయి కాబట్టి ఇనుప భాగాలకు 35 శాతం కోత. బంపరు, హెడ్‌లైట్లు, పెయింటుకు ఒక్క పైసా రాలేదు! సరుకు బండ్లకు ఇవి మామూలు ప్యాకేజీలో రావట, ఐఎంటీ 23 అని విడిగా కట్టుకోవాలట. గుద్దితే ముందు పగిలేవే అవి కదా! ఏజెంటునడిగితే "మీరు అడగలేదు కదండీ" అన్నాడు. అప్పటినుంచి ఏటా అది వేయించుకుంటున్నాను. డ్రైవరుకు ఏమైనా అయితే మన మీద పడే బాధ్యత కోసం కట్టే 50 రూపాయలు కూడా వదలను.

థర్డ్ పార్టీ రేటు ఎక్కడైనా ఒకటే, ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. కాబట్టి ఎవరైనా బాగా తక్కువ చెబితే ముందు ఐడీవీ, అంటే పాలసీలో రాసిన బండి విలువ చూడండి. అది తగ్గించి రాసి ఉండొచ్చు. ఒకసారి నాకు అలాగే చూపించారు. చిన్న గీతలకు నేను క్లెయిమ్ పెట్టను, క్లెయిమ్ లేని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, పోతుంది.

క్లెయిమ్ డబ్బు 18 రోజుల్లో వచ్చింది, ఆ విషయంలో వంక పెట్టను. మొత్తంగా ఈ పాలసీకి ఐదుకు మూడు మార్కులు ఇస్తాను. బండిలోని జీడిపిక్కల బస్తాలకు ఈ పాలసీ వర్తించదు, దానికి ట్రాన్సిట్ పాలసీ వేరే తీసుకోవాలి. శ్రీకాకుళం దాకా వెళ్లే లోడుకి ఇంకా టార్పాలిన్‌నే నమ్ముకుంటున్నాను.