పెద్దవాళ్లకు హోమ్: నల్లగొండలోనా, హైదరాబాద్‌లోనా?

మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగి, కీళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లకు, వాళ్లను చూసుకునే హోమ్ వెతికేటప్పుడు ఇదే టెన్షన్: దగ్గర్లోని నల్లగొండా, అక్కడి నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదా?

ఖర్చు: నల్లగొండలో సాధారణంగా తక్కువ. హైదరాబాద్‌లో డైపర్లు, ఫిజియోథెరపీకి బిల్లు విడిగా వేస్తారేమో ముందే అడగండి.

రాకపోకలు: నల్లగొండ హోమ్‌కు చెప్పాపెట్టకుండా పోవచ్చు. నా దృష్టిలో నాణ్యతకు ఇంతకు మించిన కొలత లేదు. హైదరాబాద్‌కు నెలకోసారి పోతే గొప్ప.

భద్రత: ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. ఏ ఊళ్లోనైనా సరే, రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో అడగండి. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ ఉందా? ఎవరైనా కింద పడితే రాసే రిజిస్టర్ చూపిస్తారా? ఏడాదంతా ఒక్కరూ పడలేదంటే, రాయడమే లేదని నా అనుమానం. మంచం పట్టినవారికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మడమలు, నడుము కింద చర్మం ఎర్రబడిందేమో మీరే చూడండి.

నడవగలిగి, మనవాళ్ల కోసం ఎదురుచూసేవారికి నల్లగొండే నయం. ట్యూబ్‌తో తిండి, తరచూ ఆక్సిజన్ అవసరమయ్యేవారికి రాత్రిపూట కూడా నర్సు ఉండే హైదరాబాద్ హోమ్ మేలు. వేధింపులు కనిపిస్తే ఎక్కడున్నా పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.