స్లాప్ సాధనకు ఏ బేస్ గిటార్ కొనాలి? రెండింటితో రెండేళ్ల అనుభవం

స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి, వేలితో లాగి వదిలే వాదన పద్ధతి) నేర్చుకోవాలన్న కోరికతో నేను రెండేళ్లుగా రెండు బేస్ గిటార్ల మీద సాధన చేస్తున్నాను. ఒకటి స్క్వైర్ అఫినిటీ జాజ్ బేస్, రెండోది యమహా టీఆర్‌బీఎక్స్ 304. రెండూ నాలుగు తీగలవే, రెండింటి స్కేలూ (మోగే తీగ పొడవు) 34 అంగుళాలే. అయినా బొటనవేలికి అవి పూర్తిగా వేరు వాద్యాలు. దుకాణంలో పది నిమిషాలు వాయించి చూసినప్పుడు ఈ సంగతి నాకు అంతుపట్టలేదు.

1960లలో అమెరికన్ బేస్ వాద్యకారుడు లారీ గ్రాహం తన తల్లితో కలిసి కచేరీలు చేస్తున్నప్పుడు, డ్రమ్ములు వాయించేవారు లేని లోటు తీర్చడానికి బొటనవేలితో తీగను కొట్టి కిక్ డ్రమ్ దెబ్బను, వేలితో తీగను లాగి వదిలి స్నేర్ దెబ్బను పలికించడం మొదలుపెట్టాడు. అంటే స్లాప్ పుట్టుకతోనే తాళవాద్యం పని. తీగ వెళ్లి ఫ్రెట్‌కు (మెడమీద అడ్డంగా ఉండే లోహపు పట్టీకి) తగిలితేనే ఆ మోత వస్తుంది. కనుక మామూలుగా వేళ్లతో వాయించేవారు చూసే లక్షణాలతో స్లాప్‌కు వాద్యాన్ని ఎంచుకుంటే పొరపాటు పడతాం.

నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడవలసింది బొటనవేలు పడే చోటు. సాధారణంగా ఫింగర్‌బోర్డు (ఫ్రెట్లు బిగించిన పలక) చివరి ఫ్రెట్ల దగ్గరే దెబ్బ వేస్తాం. జాజ్ బేస్‌కు 20 ఫ్రెట్లు, యమహాకు 24. లెక్క వేస్తే, 34 అంగుళాల స్కేలులో 20వ ఫ్రెట్ నుంచి బ్రిడ్జి (ఒంటిమీద తీగల చివర ఆనే భాగం) వరకు దాదాపు 10.7 అంగుళాల దూరం ఉంటుంది, 24వ ఫ్రెట్ నుంచి అయితే 8.5 అంగుళాలే. బ్రిడ్జికి దగ్గరయ్యేకొద్దీ తీగ బిగువుగా తగులుతుంది కాబట్టి, యమహా మీద అదే దెబ్బకు నా వేలు ఎక్కువ శ్రమ పడేది. ఫింగర్‌బోర్డు మీదికి జరిగి 20వ ఫ్రెట్ దగ్గరే కొట్టవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. కొట్టవచ్చు, చాలామంది అలాగే వాయిస్తారు కూడా. కానీ అక్కడ తీగ కింద ఫింగర్‌బోర్డు అడ్డం ఉంటుంది గనుక, తీగను లాగడానికి చూపుడువేలు దూరేంత లోతు దొరకదు. చేయి తిరిగినవారికి ఇది సమస్య కాదు, కొత్తవారికి మాత్రం రోజూ ఎదురయ్యే చికాకు.

జాజ్ బేస్ మెడ వెడల్పు నట్ (తలవైపు తీగలు ఆనే పట్టీ) దగ్గర 38 మిల్లీమీటర్లే. ఎడమచేతి వేళ్లు చిన్నవైన నాకు అది వరమే.

శబ్దం విషయానికి వస్తే, జాజ్ బేస్‌లోని రెండు పికప్‌ల (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల) వాల్యూములనూ పూర్తిగా తెరిచినప్పుడు మధ్యస్థాయి ధ్వనులు కొంత తగ్గి, అడుగున గుమ్మనే మోత, పైన గణగణలాడే మెరుపు నిలుస్తాయి. అమెరికన్ బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్ తన 1977 నాటి జాజ్ బేస్‌తో ప్రసిద్ధం చేసినది ఈ రకం ధ్వనే. యమహాలో 9 వోల్టుల బ్యాటరీతో పనిచేసే ఈక్వలైజర్, ఐదు స్థానాల స్విచ్ ఉన్నాయి. ఆ స్థానాల్లో ఒకదానికి పేరే స్లాప్. నిజం చెప్పాలంటే ఆ పేరు చూసే నేను మురిసిపోయి కొన్నాను. ఆ స్విచ్ ధ్వనిని తీర్చిదిద్దుతుందే తప్ప దెబ్బను సరిచేయదు. అందుకే సాధనలో దాన్ని ధ్వనిని మార్చని ఫ్లాట్ స్థానంలోనే ఉంచుతున్నాను.

ఈ రెండు వాద్యాల తేడాలకంటే పెద్ద తేడాను తెచ్చేది సెటప్, అంటే తీగల ఎత్తు, మెడ వంపు వంటివి సరిచేయడం. జాజ్ బేస్‌ను నాకు అమ్మిన దుకాణంవారు సెటప్ చేశామనే చెప్పారు, కానీ 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ 3 మిల్లీమీటర్లకు పైగా ఎత్తులో ఉంది. మూడు వారాలపాటు బొటనవేలు వాచిపోయినా, లోపం నా చేతిదే అనుకున్నాను. చివరకు గిటార్లు బాగుచేసే ఒక పెద్దాయన ట్రస్ రాడ్ (మెడలోపలి లోహపు కడ్డీ) సవరించి, బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిళ్లు దించి, ఆ ఎత్తును 2 మిల్లీమీటర్లకు తెచ్చిన సాయంత్రమే నాకు మొదటిసారి శుభ్రమైన దెబ్బ పలికింది. తీగ దిగినప్పుడు ఫ్రెట్ల మీద కాస్త గరగర వినిపించినా స్లాప్‌కు అది దోషం కాదు. తీగల్లో రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన) రకమే తీసుకోవాలి, ఫ్లాట్‌వౌండ్ (చదునైన తీగ చుట్టినవి) మీద ఆ మెరుపు రాదు. నేను 45-100 మందం (అంగుళంలో వెయ్యోవంతుల్లో) నికెల్ తీగలు వాడుతున్నాను. మాది విశాఖ సముద్రతీరం కావడంతో ఉప్పుగాలికి, చేతి చెమటకు అవి త్వరగా మొద్దుబారుతాయి, కాబట్టి వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవక తప్పదు.

స్లాప్ నేర్చుకోవడమే ప్రధానమైతే నేను జాజ్ బేస్ తరహానే సూచిస్తాను, సెటప్ ఖర్చును కూడా దాని ధరలో భాగంగానే లెక్కవేసుకోవాలి. అయితే ఒక పికప్‌నే తెరిచి వాయిస్తే సింగిల్ కాయిల్ పికప్‌లకు సహజమైన గుయ్యిమనే రొద వస్తుంది. అందుకే, ఆ రొద లేని యమహాను నేను అమ్మలేదు. ఆదివారం చర్చిలో ట్యూబ్‌లైట్ల కింద వేళ్లతో వాయించడానికి ఇప్పటికీ దాన్నే తీసుకెళ్తున్నాను.