కొత్త చోటికి చేరిన సీతాకోకచిలుకలను గుర్తించడానికి ఐనాచురలిస్ట్ యాప్

భారత్, శ్రీలంకల టానీ కోస్టర్ అనే సీతాకోకచిలుక ఆగ్నేయాసియా మీదుగా విస్తరించి 2012లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో కనబడింది. ఇలాంటి జాతుల్ని గుర్తించడానికి, ఫొటో చూసి పేరు సూచించే ఈ ఉచిత యాప్ చాలా మంచిది. చిక్కు ఒక్కటే: మామూలుగా అది ఆ చుట్టుపక్కల ఉండే జాతుల్నే సూచిస్తుంది, కొత్తగా వచ్చినది జాబితాలోకే రాకపోవచ్చు. దగ్గర్లో లేనివీ చూపించే ఆప్షన్ తప్పకుండా ఆన్ చేయండి.

రెక్కల పైవైపు, అడుగువైపు రెండు ఫొటోలూ పెట్టండి. టానీ కోస్టర్ వెనుక రెక్కకు నల్లటి అంచు, అందులో వరుసగా తెల్లచుక్కలు. దాన్ని పోలిన మరో సీతాకోకచిలుక ప్లెయిన్ టైగర్‌కూ అలాంటి అంచే ఉంటుంది గానీ, దాని ముందు రెక్క కొస నల్లగా ఉండి అడ్డంగా తెల్లపట్టీ కనిపిస్తుంది.

మీతో కలిపి కనీసం ఇద్దరు ఒకే పేరు చెబితేనే మీ నమోదుకు రీసెర్చ్ గ్రేడ్, అంటే పరిశోధనకు పనికొస్తుందనే గుర్తింపు, వస్తుంది. తేదీ, స్థలం లేకపోతే అదీ రాదు.